పండుగ వస్తే దుఃఖం ఆగుతుందా? యూదుల ఆచారంలో సంతోషం, శోకం

2023 అక్టోబర్ 7న గాజాకు చెందిన సాయుధ సంస్థ హమాస్ దాడి జరిగినప్పుడు ఇజ్రాయెల్‌లో సిమ్హత్ తోరా పండుగ నడుస్తోంది. తోరా అంటే మోషే ధర్మశాస్త్రం. ఏడాది పొడవునా వారం వారం కొంచెం కొంచెంగా చదివే ఆ గ్రంథం ఆ రోజుతో పూర్తవుతుంది, ఆ రోజే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. తోలు మీద చేత్తో రాసిన తోరా చుట్టలను ఎత్తుకుని, పాడుతూ, ఆడుతూ సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) ఏడు చుట్లు తిరుగుతారు. సంవత్సరంలో ఇంత సందడి ఉండే రోజులు యూదులకు తక్కువే. ఆ రోజున దాదాపు 1,200 మంది చనిపోయారు. 251 మందిని బందీలుగా గాజాకు పట్టుకెళ్లారు. చనిపోయిన వాళ్లలో 360 మందికి పైగా నోవా సంగీతోత్సవంలో రాత్రంతా డాన్స్ చేస్తూ తెల్లవార్చిన వాళ్లు.

అప్పటి నుంచి ఇజ్రాయెల్‌లోనూ, బయటి దేశాల యూదు సమాజాల్లోనూ ఒక వాదన నడుస్తోంది. మళ్లీ ఆ పండుగ వచ్చినప్పుడు ఆడిపాడాలా? బందీలు సొరంగాల్లో ఉండగా పెళ్లిళ్లు ఆర్భాటంగా చెయ్యొచ్చా? గాజాలో పదుల వేల మంది చనిపోతుండగా పస్కా భోజనానికి కూర్చోవడం ఎలా? కొందరు "నాట్యం మానొద్దు, అది విధి" అంటే, అదే సమాజంలో మరికొందరికి ఆ మాట గుండెలో ముల్లులా గుచ్చుకుంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇదంతా తికమకగా ఉంటుంది. సంతోషాన్ని విధి అనడం ఏమిటి?

ఈ వాదన అర్థం కావాలంటే ముందు పాత నియమాలు తెలియాలి. దాదాపు రెండు వేల ఏళ్లుగా యూదు పండితులు ఈ ప్రశ్నతోనే పెనుగులాడుతున్నారు.

## ఏడు రోజులు, ముప్పై రోజులు, ఏడాది

యూదుల ధర్మంలో శోకానికి మెట్లు ఉన్నాయి. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త: ఈ బంధువుల్లో ఎవరైనా పోతే ఆచారం ప్రకారం శోకం పాటించాలి. మరణానికీ ఖననానికీ మధ్య ఉన్న సమయంలో శోకించే మనిషి ప్రార్థనలు కూడా చెయ్యనక్కర్లేదు. అంత్యక్రియలు చూసుకోవడమే అతని పని. ఖననం వీలైనంత త్వరగా జరుపుతారు. వేసుకున్న బట్టను గుండె దగ్గర కొంచెం చింపుకుంటారు.

ఖననం అయ్యాక మొదలయ్యే ఏడు రోజులను షివా అంటారు. ఇంటివాళ్లు పొట్టి పీటల మీద కూర్చుంటారు, పనికి వెళ్లరు. చాలా ఇళ్లలో అద్దాలకు గుడ్డ కప్పుతారు. ఖననం నుంచి తిరిగొచ్చాక తినే మొదటి భోజనం ఇరుగుపొరుగు తెచ్చిపెట్టాలి, అందులో సాధారణంగా గుండ్రటి కోడిగుడ్డో పప్పు గింజలో ఉంటాయి. పరామర్శకు వచ్చినవాళ్లు శోకంలో ఉన్న మనిషి నోరు తెరిచేదాకా మాట్లాడకూడదని, పాత యూదు పండితుల చర్చలను కూర్చిన గ్రంథమైన తల్ముద్ చెబుతుంది. ఏ ఓదార్పు మాటా పనిచెయ్యని గడియలుంటాయని తెలిసినవాళ్లు రాసిన నియమం ఇది.

ముప్పయ్యో రోజు దాకా ఉండే రెండో దశను ష్లోషిమ్ అంటారు. క్షవరం చేయించుకోరు, వేడుకలకు వెళ్లరు. ఎక్కువ మంది బంధువుల విషయంలో శోకం అక్కడితో ముగుస్తుంది. తల్లిదండ్రులకు మాత్రం పన్నెండు నెలలు. అందులో పదకొండు నెలలు పిల్లలు కద్దిష్ అనే ప్రార్థన చదువుతారు. ఈ ప్రార్థనలో మరణం అన్న ప్రస్తావనే లేదు, మొత్తం దేవుని నామస్తుతి. దాన్ని ఒంటరిగా చదవడం కుదరదు, కనీసం పదిమంది కూడాలి. అంటే దుఃఖంలో ఉన్న మనిషి రోజూ ఇల్లు వదిలి నలుగురిలోకి రావాల్సిందే.

## మధ్యలో పండుగ వస్తే

మన ఇళ్లలో దగ్గరివాళ్లు పోతే ఆ ఏడాది "మాకు పండుగ లేదు" అంటారు. మరణం పండుగను ఆపేస్తుంది. యూదుల నియమం సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ పండుగ వచ్చి శోకాన్ని ఆపేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2024లో పస్కా ఏప్రిల్ 22 సోమవారం సాయంత్రం మొదలైంది. ఒక మనిషి తండ్రిని ఆ సోమవారం పొద్దున్నే ఖననం చేశాడనుకుందాం. ఇంటికొచ్చి షివాకు కూర్చుంటాడు. సూర్యుడు అస్తమించి పండుగ మొదలవగానే అతని షివా పూర్తయిపోయినట్టే. మిగిలిన రోజులు తర్వాత కూర్చోవడం ఉండదు. గంటసేపు కూర్చున్నా చాలు, ఏడు రోజులూ పాటించినట్టు లెక్క. ఆ రాత్రి అతను పస్కా భోజనానికి కూర్చుని, ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదలైన కథ చదవాలి, ద్రాక్షారసం తాగాలి. తండ్రిని మట్టిలో పెట్టి పన్నెండు గంటలు కూడా కాలేదు.

ఇంకో సందర్భం. తండ్రి పండుగ మధ్యలో, ఏప్రిల్ 25న పోయాడనుకుందాం. అప్పుడు ఖననం జరుగుతుంది కానీ షివా మొదలుకాదు. పండుగ దాటేదాకా వాయిదా పడుతుంది. ఆ కొడుకు దుఃఖాన్ని గుండెలో పెట్టుకుని పండుగ రోజులు గడపాలి, ఆ తర్వాతే పీట మీద కూర్చోవాలి. నాకైతే ఈ రెండోదే ఎక్కువ కష్టమనిపిస్తుంది.

అన్ని పండుగలకూ ఈ శక్తి లేదు. పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ, కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం: ఇవి శోకాన్ని ఆపుతాయి. తర్వాతి కాలంలో వచ్చిన హనుక్కా, పూరిమ్ ఆపవు. విశ్రాంతిదినమైన శనివారం మధ్యస్థంగా ఉంటుంది. ఆ రోజు బయటికి కనిపించే శోకచిహ్నాలు పక్కన పెడతారు కానీ ఏడు రోజుల లెక్కలో అది కలుస్తుంది.

ఎందుకిలా? తల్ముద్ ఇచ్చే కారణం చిన్నది. పండుగనాడు సంతోషించాలన్నది అందరికీ కలిపి ఇచ్చిన ఆజ్ఞ, శోకం పాటించడం ఒక్క మనిషి బాధ్యత. ఒకటి ఇంకోదానికి అడ్డొచ్చినప్పుడు సమాజానిదే పైచెయ్యి. ఈ ఆజ్ఞ తోరాలోని ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో ఉంది: పండుగలో నువ్వూ, నీ కొడుకూ కూతురూ, దాసదాసీలూ, పరదేశులూ, తండ్రిలేని వాళ్లూ, విధవరాండ్రూ సంతోషించాలి. ఆ జాబితాలో ఎవరెవరున్నారో గమనించండి. పండుగ పూట ఏడవడానికి అందరికన్నా ఎక్కువ కారణాలున్నవాళ్లను కూడా పేరుపెట్టి పిలుస్తోంది.

ఇక్కడే మొదటి చిక్కు విడిపోతుంది. ఈ ఆజ్ఞలో సంతోషం ముఖ్యంగా ఒక పని: మంచి భోజనం చెయ్యడం, పదిమందిని పిలవడం, పేదవాళ్లకు పెట్టడం, పాడటం. లోపల ఏమనిపించాలో నియమం శాసించలేదు. అందుకే గుండెలో దుఃఖం ఉన్న మనిషి కూడా దాన్ని నెరవేర్చగలడు.

## గోడ మీద సున్నం వెయ్యని చోటు

క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం దేవాలయాన్ని కూల్చేశారు. ఆ తర్వాతి రోజుల గురించి తల్ముద్‌లో ఒక సంభాషణ ఉంది. ఈ విషయంలో ఇంతకన్నా విలువైన చోటు నాకు కనబడలేదు.

చాలామంది మాంసం, ద్రాక్షారసం మానేశారు. రబ్బీ (మతగురువు) యెహోషువా వెళ్లి ఎందుకని అడిగాడు. బలిపీఠం మీద మాంసం అర్పించేవాళ్లం, ద్రాక్షారసం పోసేవాళ్లం, ఇప్పుడవి లేవు, మేమెలా ముడతామన్నారు. అలాగైతే రొట్టె కూడా వద్దు, నైవేద్యంగా రొట్టెలు పెట్టేవాళ్లం కదా అన్నాడు. పళ్లతో బతుకుతామన్నారు. పళ్లూ వద్దు, ప్రథమఫలాలు తెచ్చేవాళ్లం కదా. వేరే పళ్లు తింటామన్నారు. నీళ్లు కూడా వద్దు, పీఠం మీద నీళ్లు ధారపోసేవాళ్లం కదా. వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది.

అప్పుడు ఆయన చెప్పిందాని సారం ఇది. అసలు శోకించకుండా ఉండటం కుదరదు, దెబ్బ తగిలింది. మరీ ఎక్కువగా శోకించడమూ కుదరదు, ఎక్కువ మంది భరించలేని కట్టడి జనం మీద పెట్టకూడదు. కాబట్టి ఇల్లు కట్టుకుని సున్నం వేసుకోండి, ఒక్క చిన్న చోటు మాత్రం సున్నం లేకుండా వదిలేయండి. విందు చెయ్యండి, ఒక వంటకం మాత్రం తగ్గించండి.

ఆ చోటు మూర పొడవు, మూర వెడల్పు అని పండితులు కొలత కూడా పెట్టారు. ఇల్లంతా శోకగృహం కాదు, ఇల్లంతా శుభ్రంగా వెల్ల వేసినదీ కాదు. శోకానికి ఒక జాగా, ఆ జాగాకు ఒక హద్దు. ఆ తర్వాత వచ్చిన ఆచారాల్లో చాలావాటి తీరు ఇదే.

పెళ్లిలో వరుడు గాజుగ్లాసును కాలితో తొక్కి పగలగొట్టడం చాలామంది సినిమాల్లో చూసే ఉంటారు. దాని వెనకాల తల్ముద్ కథ ఒకటుంది. మార్ బర్ రవీనా అనే పండితుడు తన కొడుకు పెళ్లిలో అందరి సంబరం హద్దు దాటుతోందని గమనించి, నాలుగు వందల జూజ్‌ల (ఆనాటి వెండి నాణేలు) ఖరీదైన గిన్నె తెచ్చి వాళ్ల ఎదుట పగలగొట్టాడు. తర్వాతి తరాలు దీన్ని దేవాలయ నాశనంతోనూ, జెరూసలేమును మరువనని ఒట్టేసుకునే 137వ కీర్తనతోనూ ముడిపెట్టాయి. గాజు పగిలిన మరుక్షణం అందరూ "మజల్ తోవ్" (శుభాకాంక్షలు) అని కేకలు పెడతారు, పాట మొదలవుతుంది.

## ఎప్పుడు ఏది ముందు: పెళ్లినాటి చావు

తల్ముద్ చర్చించిన ఒక సందర్భం చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. పెళ్లికి అంతా సిద్ధమైంది: రొట్టెలు కాల్చారు, పశువును కోశారు, ద్రాక్షారసం కలిపారు. అప్పుడు వరుడి తండ్రి గానీ వధువు తల్లి గానీ చనిపోయారు. ఏం చెయ్యాలి?

తీర్పు ఇది. శవాన్ని ఒక గదిలో ఉంచాలి, వధూవరులకు పెళ్లి జరిపించాలి, ఆ తర్వాత ఖననం చెయ్యాలి. ఏడు రోజులు పెళ్లి విందు రోజులు, ఆ తర్వాత ఏడు రోజులు షివా. ఆ రోజులన్నీ దంపతులు విడిగా పడుకోవాలి. వరుడి తండ్రి, వధువు తల్లి అనే ఎందుకన్నారంటే, పెళ్లి ఏర్పాట్లూ నగలూ చూసేది వాళ్లే. ఇప్పుడు ఆపేస్తే మళ్లీ ఆ పిల్లలకు ఇంత చేసేవాళ్లు ఉండరు. ఈ కాలంలో సాధారణంగా అలా జరపరు. కానీ ఆ తీర్పు వెనకున్న లెక్క చూడండి: పోయినవాళ్లు ఇంత కష్టపడి సిద్ధం చేసింది వృథా పోకూడదు.

శవయాత్ర, పెళ్లి ఊరేగింపు వీధిలో ఎదురుపడితే శవయాత్రే దారి ఇవ్వాలన్నదీ తల్ముద్ మాటే. యూదుల రాజు అగ్రిప్ప కూడా ఒక పెళ్లికూతురికి దారి ఇచ్చాడనీ, పండితులు ఆయన్ని మెచ్చుకున్నారనీ చెబుతుంది.

## అభ్యంతరం: ఏడుపును అణచడం కాదా?

ఈ పద్ధతి మీద యూదుల్లోనే బలమైన అభ్యంతరం ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏడు రోజులు కూడా ఇవ్వకుండా పండుగ వచ్చిందని లేవమంటే, సమాజం తన సౌకర్యం కోసం ఆమె దుఃఖాన్ని పక్కకు నెట్టినట్టు కాదా? షివా మధ్యలో తెగిపోయినవాళ్లలో కొందరు, జనం పరామర్శకు వచ్చే రోజులే లేకుండా పోయాయని, ఆ వెలితి ఏళ్ల తరబడి ఉండిపోయిందని చెబుతారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

మరోవైపు, ఆ కట్టుబాటే తమను నిలబెట్టిందనే వాళ్లూ ఉన్నారు. ఎప్పుడు లేవాలో తామే తేల్చుకోవాల్సి వస్తే ఎప్పటికీ లేచేవాళ్లం కాదని, లేచినందుకు తప్పు చేసినట్టు అనిపించేదని అంటారు. సంతోషించమని ఆజ్ఞ ఉండటం వల్ల, సంతోషించడం పోయినవాళ్లకు చేసే ద్రోహం కాకుండా పోయింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర ఉక్రెయిన్ ప్రాంతంలో జీవించిన బ్రెస్లవ్ రబ్బీ నహ్మాన్ (1772–1810) ఈ రెంటి మధ్యా ఇంకో దారి చూపించాడు. ఎప్పుడూ సంతోషంగా ఉండటం గొప్ప ధర్మకార్యమన్న ఆయన మాట యూదుల్లో బాగా ప్రచారం. అయితే అదే బోధలో ఆయన రోజూ కొంత సమయం విరిగిన గుండెతో దేవుని ముందు కూర్చోవడానికి కేటాయించమన్నాడు. విరిగిన గుండె వేరు, మనిషిని కుంగదీసే నిరాశ వేరు అన్నాడు. ఇది సుఖంగా బతికినవాడు చెప్పింది కాదు. పిల్లలను పోగొట్టుకున్నాడు, భార్య క్షయతో పోయింది, ఆయనా ముప్పై ఎనిమిదేళ్లకే క్షయతో పోయాడు.

## ఒక సైరన్, ఒక సూర్యాస్తమయం

పాత నియమం ఒక కొత్త దేశం క్యాలెండర్‌లోకి ఎలా వచ్చిందో చూడాలంటే ఇజ్రాయెల్ ఏప్రిల్, మే నెలల్లో జరుపుకునే రెండు రోజులు చూడాలి. యుద్ధాల్లో, ఉగ్రదాడుల్లో పోయినవాళ్ల స్మారక దినం యోమ్ హజికరోన్. రాత్రి ఎనిమిదికి ఒక నిమిషం, మర్నాడు పదకొండుకు రెండు నిమిషాలు దేశమంతా సైరన్ మోగుతుంది. హైవే మీద కార్లు ఆపి జనం దిగి నిలబడతారు. అదే సాయంత్రం చీకటి పడగానే స్వాతంత్ర్య దినోత్సవం మొదలవుతుంది. జెరూసలేంలోని హెర్జల్ కొండ మీద పన్నెండు కాగడాలు వెలిగిస్తారు, బాణసంచా, వీధుల్లో నాట్యాలు.

మొదట్లో రెండూ ఒకే రోజు. సంబరం మధ్యలో తమ పిల్లలను తలుచుకోవడం కష్టంగా ఉందని తల్లిదండ్రులు చెప్పుకోవడంతో 1951లో స్మారక దినాన్ని ముందు రోజుకు మార్చారు. ఆ ఏర్పాటు ఇప్పటికీ అందరికీ నప్పదు. ఒక గంట తేడాలో సమాధి నుంచి బాణసంచాకు మారడం తమవల్ల కాదనే కుటుంబాలున్నాయి. మా పిల్లలు దేనికోసం పోయారో దాన్ని పక్కనే చూడాలి, విడదీయొద్దు అనే కుటుంబాలూ ఉన్నాయి. 2024లో కాగడాల కార్యక్రమాన్ని ప్రేక్షకులు లేకుండా ముందే రికార్డు చేసి ప్రసారం చేశారు. బందీల కుటుంబాల్లో కొందరు విడిగా, కాగడాలు ఆర్పే కార్యక్రమం పెట్టుకున్నారు.

## 2023 తర్వాత: ఎవరి దుఃఖం, ఎవరి పండుగ

నోవా నుంచి బతికి బయటపడినవాళ్లు "మళ్లీ నాట్యం చేస్తాం" అనే మాటను తమ గుర్తుగా చేసుకున్నారు. 2024లో సిమ్హత్ తోరా వచ్చినప్పుడు సినగాగులు రకరకాలుగా నడిచాయి. కొన్నిచోట్ల పోయినవాళ్ల పేర్లు కుట్టిన వస్త్రాన్ని తోరా చుట్టకు తొడిగి నాట్యం చేశారు. కొన్నిచోట్ల ఏడు చుట్లలో కొంత భాగం మౌనంగానో, శోకగీతంతోనో సాగింది. ఇవన్నీ సున్నం వెయ్యని చోటుకు కొత్త రూపాలుగానే నాకు కనిపిస్తాయి. ఆ చోటు ఎంత ఉండాలన్న దగ్గరే తగాదా.

ఇంకా లోతైన తగాదా వేరే ఉంది. పస్కా భోజనంలో ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ల పేర్లు చదువుతూ ఒక్కోదానికి ఒక్కో చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసేస్తారు. శత్రువు బాధపడినప్పుడు మన సంతోషపు గిన్నె నిండుగా ఉండకూడదని దీనికి బాగా వాడుకలో ఉన్న వివరణ. ఐగుప్తీయులు సముద్రంలో మునుగుతున్నప్పుడు దేవదూతలు పాడబోతే, నా చేతి సృష్టి మునిగిపోతుంటే మీరు పాడతారా అని దేవుడు వారించాడని తల్ముద్ అంటుంది. 2024లో గాజా మృతులను తలుచుకుంటూ ఆ చుక్కలు తీసిన యూదులున్నారు. అలాగే బందీల కోసం ఖాళీ కుర్చీ వేసి, ఈ రాత్రి మా వాళ్ల కోసం ఏడవనివ్వండి అన్నవాళ్లున్నారు. ఒకే బల్ల దగ్గర ఈ రెండు రకాల బంధువులూ కూర్చున్న ఇళ్లూ ఉన్నాయి.

2025 అక్టోబర్ 13న, మళ్లీ సిమ్హత్ తోరా మొదలయ్యే రోజునే, బతికున్న చివరి 20 మంది బందీలు తిరిగొచ్చారు. అదే రోజు నాలుగు శవపేటికలు కూడా వచ్చాయి.

## బయటి దేశాల్లో: దీపం కిటికీలోనా, బల్ల మీదా?

ఇజ్రాయెల్ బయట ఈ ప్రశ్నకు భయం కూడా తోడవుతుంది. 2008 నవంబర్‌లో ముంబైలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్ మీద జరిగిన దాడిలో దాన్ని నడిపే రబ్బీ దంపతులతో సహా ఆరుగురు యూదులు చనిపోయారు. 2018లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ సినగాగు మీద దాడిలో 11 మంది. 2025 డిసెంబర్ 14న సిడ్నీ బాండై బీచ్‌లో హనుక్కా మొదటి సాయంత్రం వేడుక మీద కాల్పులు జరిగి 15 మంది ప్రాణాలు పోయాయి.

హనుక్కా దీపం నలుగురికీ కనిపించేలా గుమ్మం బయటో కిటికీలోనో పెట్టాలన్నది నియమం. అయితే ప్రమాద కాలంలో ఇంట్లో బల్ల మీద పెట్టుకున్నా చాలని తల్ముద్ ఎప్పుడో మినహాయింపు ఇచ్చింది. బాండై తర్వాత ఈ రెండు వాక్యాలూ రెండు వర్గాల మాటలయ్యాయి. ఇంకా ఎక్కువ దీపాలు బయట వెలిగించాలన్నవాళ్లు మొదటిదాన్ని, పిల్లల ప్రాణాలు ముందు అన్నవాళ్లు రెండోదాన్ని పట్టుకున్నారు. ఇద్దరూ ఒకే గ్రంథంలో, ఒకే పుటలో నిలబడి మాట్లాడుతున్నారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే చిన్న తెలుగు సమాజం ఉంది. దళిత మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన వీళ్లు కొన్ని దశాబ్దాలుగా యూదుల ఆచారాలు పాటిస్తూ, సొంత సినగాగు కట్టుకుని శనివారాలూ పండుగలూ జరుపుకుంటున్నారు. వీళ్లను యూదులుగా గుర్తించే విషయం తేలనిదే అయినా, ఈ క్యాలెండర్ తెలుగు నేల మీద కూడా నడుస్తోంది.

## ఏ తేదీన ఏడవాలి

అక్టోబర్ 7 దాడి జ్ఞాపకానికి తేదీ నిర్ణయించేటప్పుడు ఇదంతా ఒక్కసారిగా ముందుకొచ్చింది. యూదుల క్యాలెండర్ ప్రకారం ఆ రోజు తిష్రీ నెల 22, అంటే పండుగ రోజు. పండుగనాడు జాతీయ శోకం పెట్టకూడదు. అందుకని ఇజ్రాయెల్ ప్రభుత్వం రెండు రోజులు జరిపి తిష్రీ 24ను స్మారక దినంగా ప్రకటించింది. చాలా కుటుంబాలు మాత్రం అక్టోబర్ 7నే పట్టుకున్నాయి. 2024లో టెల్ అవీవ్ యార్కోన్ పార్కులో ఆ తేదీనే తమ సొంత స్మరణ జరుపుకున్నాయి.

ఇలాంటిది ముందూ జరిగింది. నాజీలు చంపిన అరవై లక్షల మందికి 1951లో ఇజ్రాయెల్ పార్లమెంటు నిసాన్ నెల 27ను కేటాయించింది. నిసాన్ పస్కా నెల, ఆ నెలలో సంతాప ప్రసంగాలు చెయ్యకపోవడం ఆచారం కాబట్టి కొందరు రబ్బీలు ఒప్పుకోలేదు. దేవాలయం కూలిన రోజైన ఆవ్ నెల తొమ్మిదినే అన్ని విపత్తులకూ కలిపి ఏడవాలి, కొత్త రోజు అక్కర్లేదన్నవాళ్లూ ఉన్నారు. మరణించిన తేదీ తెలియని వాళ్లందరి కోసం రబ్బీల పీఠం తేవేత్ నెల పదో తేదీని కద్దిష్ రోజుగా పెట్టింది. డెబ్భై ఏళ్లు దాటినా ఈ మూడు తేదీల్లో ఏదీ ఇంకోదాన్ని తోసెయ్యలేదు. ఇప్పటికీ కొందరు నిసాన్‌లో సైరన్‌కు లేచి నిలబడతారు, కొందరు తేవేత్‌లో ఉపవాసం ఉండి కద్దిష్ చదువుతారు, కొందరు ఆవ్‌లో నేల మీద కూర్చుని విలాపవాక్యాలు వింటారు.